పారగాన్ సిటీలో మన మనిషి – 4వ పాఠం: దెబ్బ మీది, పడటం వాళ్ళది

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ సూపర్‌హీరో ఆటలో (పారగాన్ సిటీ దాంట్లోని ఊరే) చేసుకున్న పాత్రకు బయో, అంటే చిన్న పరిచయం, రాసి, రోల్‌ప్లే చేసేవాళ్ళు, అంటే పాత్రలా మాట్లాడుతూ ఆడేవాళ్ళు, చేరే ఎవర్‌లాస్టింగ్ సర్వర్‌లో పాకెట్ డీ అనే క్లబ్బుకి వెళ్ళి, ఒక గంట అక్కడ ఉండి ఎవరితోనైనా మాట కలపండి అన్నాను. ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నీ దాని గురించే. "అక్కా, గంటసేపు నిలబడ్డాను, ఒక్కరూ పలకలేదు" అన్నవాళ్ళే ఎక్కువ. ఇద్దరికి మాట కలిసిందిగానీ, నాలుగు ముక్కలు అయ్యేసరికి ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఒక తమ్ముడి పాత్రకైతే ఏకంగా పేరే తీసేశారు. ఈసారి సూపర్‌గ్రూపుల (ఆటగాళ్ళు కట్టుకునే జట్ల) గురించి చెబుదామనుకున్నాను. అది వచ్చే వారానికి జరిపాను. ముందు దీన్ని సరిచేసుకుందాం.

ఎవరూ పలకకపోవడానికి మొదటి కారణం టైము. మీరు రాత్రి అన్నం తిని ఎనిమిదింటికి లాగిన్ అయ్యారు. వేసవిలో అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం పదిన్నర. జనం ఆఫీసుల్లో ఉంటారు, పాకెట్ డీలో ఆటవాళ్ళు పెట్టిన డీజే జీరో ఒక్కడే ఉంటాడు. ఈ సంగతి నేను పోయిన పాఠంలోనే చెప్పి ఉండాల్సింది. వాళ్ళ శనివారం రాత్రి తొమ్మిదంటే మనకు ఆదివారం పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ టైముకి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చోండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి చదువుతున్న మనవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు.

ఇక పేరు పోయిన తమ్ముడి సంగతి. చేతికి గోళ్ళు, పసుపు బట్టలు, చెవుల దాకా లేచిన మాస్కు, ఒక పేరున్న హీరో పేరులో రెండు అక్షరాలు అటూఇటూ. పేరు మార్చాను కదా, తప్పేమిటని అడిగాడు. ఈ గొడవ ఆటంత పాతది. సిటీ ఆఫ్ హీరోస్ 2004 ఏప్రిల్‌లో మొదలైతే, అదే ఏడాది నవంబర్‌లో మార్వెల్ సంస్థ దాన్ని తయారుచేసిన క్రిప్టిక్ స్టూడియోస్ మీద, నడిపిన ఎన్‌సీసాఫ్ట్ మీద కేసు వేసింది. తమ హీరోల నకళ్ళు చేసుకోవడానికి ఆటగాళ్ళకు వీలిస్తున్నారన్నది ఫిర్యాదు. ఆధారంగా చూపించిన పాత్రల్లో కొన్ని మార్వెల్ తరఫువాళ్ళే ఆటలోకి వెళ్ళి తయారుచేసినవని తేలి, కోర్టు వాటిని పక్కన పెట్టింది. 2005 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. ఆ కథ అలా ముగిసినా, నకలు కనిపిస్తే నిర్వాహకులు ఇప్పటికీ ఊరుకోరు. పేరు తీసేసి ఏదో ఒక నంబరు పేరు తగిలిస్తారు. ఆటగాళ్ళు దీన్ని "జెనెరిక్ చేశారు" అంటారు.

నిబంధన సంగతి అలా ఉంచండి. నకలు పాత్రను ఎవరూ ఏమీ అడగరు. అతను ఎవరో, ఎక్కడ పుట్టాడో, దేనికి కోపమొస్తుందో అందరికీ ముందే తెలుసు. ఇక మాటెలా మొదలవుతుంది?

మరి పాత్రను ఎక్కడినుంచి తేవాలని కొందరు అడిగారు. పాత్ర తయారీకి ఆటవాళ్ళు పెట్టిన వరుస మీకు తెలుసు: ముందు ఆరిజిన్ (శక్తి ఎక్కడినుంచి వచ్చిందో), తర్వాత ఆర్కిటైప్ (పాత్ర రకం), పవర్ సెట్లు (శక్తుల కట్టలు), వేషం, చివర పేరు. నేను ఆ వరుస పాటించను. ముందు పవర్ల వివరణ మొత్తం చదువుతాను. వాటిలో ఒక్కటి, మనిషి స్వభావంలా అనిపించేది పట్టుకుంటాను. ఆరిజిన్ ఐదింటిలో ఏది నొక్కినా నాకు పెద్ద తేడా లేదు. జట్టుకు సాయపడే డిఫెండర్ అనే ఆర్కిటైప్‌కు ఎంపతీ సెట్‌లో అబ్జార్బ్ పెయిన్ అని ఒక పవర్ ఉంది. జట్టులో ఎవరి ప్రాణమైనా అడుగంటితే ఒక్క దెబ్బకు నింపేస్తుంది, కానీ నింపినవాళ్ళ ప్రాణం తగ్గుతుంది. ఇంకొకరి నొప్పి తన మీద వేసుకోవడం. ఇది చదివిన రోజే నా పాత్ర పుట్టింది. రెండో సెట్ వాటర్ బ్లాస్ట్ తీసుకున్నాను. నీళ్ళు, పొద్దున్నే లేవడం, ఎవరూ అడక్కుండానే చేసే పని. అంతే, పేరు దొరికింది: కల్లాపి. ఆమె బయో తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"తెల్లవారకముందే కింగ్స్ రోలో వీధి తడిసి ఉంటే, ఈమె అప్పటికే వచ్చి వెళ్ళిందని అర్థం. నలభై దాటిన మనిషి. ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక కట్టు ఉంటుంది. నిన్నటి కట్టు, ఇవాళ్టి కట్టు ఒకే చోట ఉండవు."

ఇంతే. బయోలో 1023 అక్షరాలకు చోటుంది. నేను అందులో సగం కూడా ఎప్పుడూ వాడలేదు. మీరు పంపినవాటిలో చాలామంది చివరి అక్షరం దాకా నింపేశారు. ఊరు తగలబడింది, అమ్మానాన్న పోయారు, శత్రువు పేరు ఇది, ఒంట్లో దాగిన రహస్యం అది. చదివినవాళ్ళకు కథంతా అయిపోయింది, అడగడానికి ఏమీ మిగల్లేదు. కల్లాపిని చూసినవాళ్ళలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "చేతికి ఏమైంది?" ఆ ప్రశ్న కోసమే ఆ కట్టు రాశాను. ఎదురుగా నిలబడ్డ మనిషికి కంటికి కనపడేది, ఊళ్ళో నలుగురూ చెప్పుకునేది, ఇవి మాత్రమే బయోలో ఉంచండి. మిగతాది మీ దగ్గరే పెట్టుకోండి. అది ఆరు నెలల తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే విషయానికి వస్తాను. లేచి వెళ్ళిపోయారని రాసిన ఇద్దరూ చాట్ పంపించారు. ఇద్దరిదీ ఒకే తప్పు. ఒకరిది తెలుగులో చెబుతాను. ఈ తమ్ముడిది బ్లాస్టర్, అంటే దూరం నుంచి దెబ్బకొట్టే పాత్ర, పేరు పిడుగు. ఎదుట ఒక ముసలి ట్యాంకర్ (దెబ్బలు కాసే రకం పాత్ర) బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నాలుగు మాటలయ్యాక సరదాగా బలం చూపించుకుందామన్నారు. తమ్ముడు ఎమోట్‌లో, అంటే పాత్ర చేసే పనిని చెప్పే వరుసలో, ఇలా రాశాడు:

"పిడుగు చెయ్యి విదిలించగానే మెరుపు తగిలి ముసలాయన ఎగిరి బల్ల మీద పడతాడు. లేచి చూసేసరికి ఆయన కళ్ళలో భయం."

రెండు వాక్యాలు. లెక్కపెట్టండి. మెరుపు తగలడం ఒకటి. ఎగిరి పడటం రెండు. లేవడం మూడు. భయపడటం నాలుగు. ఈ నాలుగూ ముసలాయన చేయాల్సినవి. తమ్ముడి సొంతం చెయ్యి విదిలించడం ఒక్కటే. పౌరాణిక నాటకంలో కృష్ణుడి వేషం కట్టినాయన తన పద్యం అయిపోయాక అర్జునుడి పద్యం కూడా తనే అందుకుంటే, అర్జునుడు ఆ స్టేజీ మీద ఏం చేయాలి? దిగిపోతాడు. ముసలాయన అదే చేశాడు.

ఇలా రాయాలి: "పిడుగు ముసలాయన భుజానికి గురిపెట్టి చెయ్యి విదిలిస్తాడు. వేళ్ళ చివర మెరుపు చిటపటలాడుతుంది." ఇక్కడ ఆపి ఎంటర్ కొట్టండి. చేతులు కీబోర్డు మీంచి తీసేయండి. తగిలిందా, తప్పుకున్నాడా, తగిలినా చెక్కుచెదరకుండా టీ తాగుతూ కూర్చున్నాడా, అది ఆయన చెబుతాడు. ట్యాంకర్ అంటేనే దెబ్బలు కాచుకోవడానికి పుట్టినవాడు. తమ్ముడి వాక్యం ఆయన పాత్రకున్న ఒక్క గొప్పనూ లాగేసుకుంది.

దీన్ని కొట్లాటల వరకే అనుకుంటారు, అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను. "నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుంటాడు" కూడా ఇదే తప్పు. చెయ్యి చాపడం మీది, అందుకోవడం ఆమెది. "అతను మాట్లాడగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది" కూడా ఇదే. హాల్లో ముప్ఫైమంది ఉంటే ముప్ఫైమంది నోళ్ళూ మీరే మూశారు. "మనం పాత స్నేహితులం, గుర్తులేదా" కూడా ఇదే, ఎదుటి పాత్ర గతం మీరే రాసేశారు. మనసులో మాట చదివే పవర్ ఉన్నవాళ్ళు "మీ ఆలోచన నాకు తెలిసిపోయింది" అని రాయకూడదు. జంట బ్రాకెట్లలో, అంటే పాత్ర నోటితో కాకుండా మీ నోటితో, "చదవొచ్చా? చదివితే ఏం కనపడుతుంది?" అని అడగాలి. బయోలో "చూసిన ప్రతివాళ్ళూ వణుకుతారు" అని ఒక చెల్లెలు రాసింది. ఎదుటివాళ్ళు వణకకపోతే మీ బయో అబద్ధమైపోతుంది, వణికితే వాళ్ళ పాత్ర అబద్ధమవుతుంది. ఎలా చూసినా నష్టమే.

మంచి చేసేటప్పుడు కూడా ఇంతే. కల్లాపి ఎవరి గాయమైనా మాన్పగలదు. అయినా నేను "కల్లాపి చెయ్యి వేయగానే గాయం మానిపోయింది" అని రాయను. ఒక రోజు అట్లస్ పార్క్‌లో సిటీ హాలు మెట్ల మీద ఒక కుర్ర స్క్రాపర్ (దగ్గరగా వెళ్ళి కొట్లాడే రకం పాత్ర) మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. నేను రాసింది ఇది: "కల్లాపి పక్కన కూర్చుంటుంది. గాయం మీద చెయ్యి ఆనించబోయి ఆగుతుంది. 'పట్టుకోనా నాన్నా?'" అతను వద్దన్నాడు. ఆ మోకాలి దెబ్బ అతనికి ఎవరి వల్లో తగిలింది, అది మానకూడదని అతని పట్టుదల. అదేమిటో తెలుసుకోవడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. నేనే మాన్పేసి ఉంటే ఆ కథ ఆ మెట్ల మీదే పోయేది.

తిరగేసి చూస్తే ఇంకో బాధ్యత ఉంది. మీ మీదకు దెబ్బ వచ్చినప్పుడు పడటం మీ చేతిలో ఉంది కదా అని ప్రతిసారీ తప్పుకోకండి. నేను మూడింటిలో ఒకటైనా తింటాను. పడటం వచ్చినవాళ్ళ పక్కన ఆడటానికి అందరూ ఇష్టపడతారు.

దీనికి ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. మీ ఎదుట కూర్చున్న ముసలాయన పాత్ర 2005లో పుట్టినది కావచ్చు. అప్పట్లో రోల్‌ప్లే చేసేవాళ్ళు ఎక్కువగా వర్చ్యూ అనే సర్వర్‌లో చేరేవారు. 2012 ఆగస్టు 31న ఆట మూసేస్తున్నామని ప్రకటన వచ్చింది. సెప్టెంబర్‌లో ఆ సర్వర్‌లోనే అట్లస్ విగ్రహం కింద జనం కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ఒక పార్కు నిండితే దానికి ఇంకో నకలు తెరుచుకునేది, అదీ నిండేది. నవంబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. పాత్రలన్నీ పోయాయి. 2019 ఏప్రిల్‌లో ఒక రహస్య సర్వర్ సంగతి బయటపడి, దాని నుంచి అభిమానులు నడిపే హోమ్‌కమింగ్ (మన ఎవర్‌లాస్టింగ్ దాంట్లోదే) పుట్టాక జనం తిరిగొచ్చారు. పాత స్క్రీన్‌షాట్లు పక్కన పెట్టుకుని, గ్లవ్స్ రంగు దగ్గర్నుంచి సరిచూసుకుంటూ అవే పాత్రల్ని మళ్ళీ తయారుచేసుకున్నారు. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ హోమ్‌కమింగ్‌కు లైసెన్సు ఇచ్చింది. నేను 2019 తర్వాత వచ్చినదాన్ని. పోయిన మనిషిని వేషం గుర్తుపెట్టుకుని మరీ వెనక్కి తెచ్చుకున్నవాళ్ళ మధ్య నిలబడి ఆడుతున్నాం మనం. వాళ్ళ పాత్ర ఎప్పుడు భయపడుతుందో మనం ఒక్క వాక్యంలో రాసేస్తే వాళ్ళకు ఎలా ఉంటుందో ఊహించండి.

వాళ్ళెవరైనా మీ మీదే ఇలా రాస్తే గొడవ పెట్టుకోవద్దు. జంట బ్రాకెట్లలో "నా పాత్ర ఏం చేస్తుందో నేను రాస్తాను, సరేనా?" అని ఒక్కసారి చెప్పండి. వింటే ఆడండి, వినకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఈ వారం పని కాస్త కష్టం. ముందు బయోను 400 అక్షరాలకు కుదించండి, అందులో ఎవరైనా అడగాలనిపించే వస్తువో గుర్తో ఒకటి ఉండాలి. తర్వాత ఆదివారం పొద్దున్న పాకెట్ డీలో ఒక గంట. ఆ గంటలో మీ గురించి ఒక్క మాట కూడా మీ అంతట మీరు చెప్పకూడదు. ఎవరైనా అడిగితేనే జవాబు. ముగ్గురి బయోలు చదివి, ఒక్కొక్కరినీ వాళ్ళ వేషంలో కనపడే దాని గురించి ఒక ప్రశ్న అడగండి. బయోలో చదివినది మీ పాత్రకు తెలిసినట్టు మాట్లాడకండి, కంటికి కనపడేదే అడగండి. ఒక్కసారైనా మీ పాత్ర ఎక్కడో ఒకచోట ఓడిపోవాలి, పడిపోవాలి, లేదా తప్పు ఒప్పుకోవాలి. గంట అయ్యాక చాట్ మొత్తం కాపీ చేసి, మీరు రాసిన ప్రతి వాక్యంలో ఎదుటివాళ్ళు చేయాల్సిన పని ఏదైనా ఉంటే దాని కింద గీత పెట్టి పంపండి. ఎదుటివాళ్ళ పేర్లు తీసేసి పంపండి. గీతలు ఎన్ని ఉన్నా పరవాలేదు, నేనే దిద్ది పంపిస్తాను.

పేరు పోయిన తమ్ముడికి ఒక మాట. గోళ్ళ సెట్ ఉంచుకో, పసుపు రంగు వదిలేయ్. గోళ్ళున్న మనిషి అన్నం ఎలా తింటాడో ఆలోచించి నాలుగు లైన్లు రాసి పంపు, పేరు దాంట్లోంచి తీద్దాం.