ఆర్టీఈ సీటు రాలేదా? మహారాష్ట్ర సరిహద్దు తెలుగు తల్లిదండ్రులకు సమస్య - పరిష్కారం

బల్లార్‌పూర్, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఏడాది మొదట్లో ఒకటే టెన్షన్: ఆర్టీఈ (విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో ఉచిత సీటు) లాటరీలో పిల్లవాడి పేరు వస్తుందా రాదా. రాకపోతే కొందరు అదృష్టం లేదనుకుంటారు, కొందరు ఎవరో డబ్బు తిన్నారంటారు. నన్నడిగితే పేరు రానివాళ్ల కన్నా, పేరు వచ్చి కాగితాల దగ్గర సీటు పోగొట్టుకున్నవాళ్లదే పెద్ద బాధ. లాటరీ మన చేతిలో లేదు. కాగితాలు మన చేతిలోనే ఉన్నాయి. ముఖ్యంగా ఏ కాగితం ఏ రాష్ట్రం ఇచ్చిందనేది సరిహద్దులో ఉన్నవాళ్లు ముందే చూసుకోవాలి.

ముందు లెక్క తెలుసుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్లు, పిల్లలు మొదట చేరే తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆ తరగతిలో 40 సీట్లుంటే 10 అన్నమాట. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే రాష్ట్రమంతటికీ కలిపి లాటరీ తీస్తారు. అందులో స్కూలుకు 1 కిలోమీటరు లోపు ఇల్లున్నవాళ్లది మొదటి వరుస, 1 నుంచి 3 కిలోమీటర్లవాళ్లది రెండోది, ఆ పైన ఉన్నవాళ్లది చివరిది. పేరు వచ్చాకే పడతాళణీ సమితి, అంటే కాగితాలు సరిచూసే కమిటీ ముందుకు వెళ్లాలి. సీటు వచ్చాక పోవడమనేది జరిగేది ఈ మెట్టు దగ్గరే.

లక్షణం: "పేరు వచ్చింది. కమిటీ దగ్గర కులం దాఖలా (సర్టిఫికెట్) చెల్లదన్నారు"

కారణం: ఆ దాఖలా తెలంగాణదో ఆంధ్రదో అయి ఉంటుంది. మహారాష్ట్ర ఆర్టీఈ ప్రవేశాలకు వేరే రాష్ట్రం ఇచ్చిన కులం దాఖలా పనికిరాదు. ఆదాయం దాఖలా కూడా అంతే. ఇది కమిటీలో కూర్చున్న గుమాస్తా పంతం కాదు. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉండి ముంబైకి వలస వెళ్లిన ఒక తెలుగు కుటుంబం మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు ఇంకో రాష్ట్రంలో దానంతట అదే వర్తించదని 1990లో కోర్టు చెప్పింది. అప్పటి నుంచి అన్ని ఆఫీసుల్లో అదే నడుస్తోంది.

కులం ఒకటే అయినా జాబితా మారిపోవడం ఇంకో చిక్కు. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ. ప్రాణహిత, పెన్‌గంగ దాటితే అదే బంజారాలు విముక్త జాతుల (వీజే) కింద ఉంటారు. కిన్వట్ వైపు అన్న ఎస్టీ, తమ్ముడు వీజే అని రాసుకున్న ఇళ్లున్నాయి. ఆర్టీఈ వరకు ఇందులో కంగారు లేదు. మహారాష్ట్రలో వెనుకబడిన వర్గం కిందకు ఎస్సీ, ఎస్టీలతో పాటు విముక్త, సంచార జాతులు, ఓబీసీలు కూడా వస్తారు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. కావాల్సిందల్లా మహారాష్ట్ర ఇచ్చిన దాఖలా.

పరిష్కారం: మీ కుటుంబం ఎప్పటి నుంచి మహారాష్ట్రలో ఉందో తేల్చుకోండి. అక్కడ కులం దాఖలా ఇవ్వడానికి ఒక్కో వర్గానికి ఒక్కో గీత తేదీ ఉంది. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. ఆ తేదీ నాటికి తాతో ముత్తాతో ఇక్కడే ఉన్నట్టు చూపగలిగితే దాఖలా వస్తుంది. అందుకు బాగా పనికొచ్చేవి పాత స్కూలు రిజిస్టరు నకలు, భూమి కాగితాలు. ఇవి తీయించడానికి నెలలు పడుతుంది కాబట్టి లాటరీ నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. దీపావళి అయిన వెంటనే సేతు కేంద్రంలో (మన మీ సేవ లాంటిది) ఫైలు కదిలించండి.

ఆ తేదీల తర్వాత వలస వచ్చిన కుటుంబమైతే ఈ దారి మూసుకున్నట్టే. దాని కోసం దళారులకు డబ్బు పోయకండి. బలహీన వర్గం కింద రండి. ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయం అని మహారాష్ట్ర తహసీల్దారు ఇచ్చిన దాఖలా ఉంటే ఓపెన్ కేటగిరీ వాళ్లయినా దరఖాస్తు చేయవచ్చు. గనిలోనో మిల్లులోనో జీతం లక్ష దాటిందా? అప్పుడు కులం దాఖలా లేకపోతే, బిడ్డ వికలాంగుల్లాంటి ప్రత్యేక వర్గంలోనూ లేకపోతే, ఆర్టీఈ లేదు. ఎవరేం చెప్పినా నమ్మకుండా మామూలు అడ్మిషన్ చూసుకోండి.

కోడలు మంచిర్యాల నుంచి వచ్చింది, ఆమె కాగితాలన్నీ అటువైపువే, మరి పిల్లకు ఎలా అని భయపడేవాళ్లు చాలామంది. అక్కర్లేదు. తండ్రి పేరున గానీ బిడ్డ పేరున గానీ మహారాష్ట్ర దాఖలా ఉంటే చాలు.

లక్షణం: "పిల్లవాడు పుట్టింది ఆదిలాబాద్‌లో. బర్త్ సర్టిఫికెట్ కూడా చెల్లదా?"

చెల్లుతుంది. జనన నమోదు దేశమంతటికీ ఒకే చట్టం కింద, 1969 చట్టం కింద జరుగుతుంది. తొలి కాన్పుకు పుట్టింటికి పంపే మన ఇళ్లలో సగం మంది పిల్లలు అటువైపే పుడతారు, అదేం తప్పు కాదు.

అసలు తంటా పేరు రాసిన వరసతో వస్తుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. మరాఠీ పద్ధతిలో బిడ్డ పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. బర్త్ సర్టిఫికెట్‌లో "గుండా సాయి", ఆధార్‌లో "సాయి గుండా", ఫారంలో "సాయి రమేశ్ గుండా" అని ఉంటే ముగ్గురు పిల్లలేమో అని కమిటీకి అనుమానం వస్తుంది. ఫారంలో పేరు గడులు విడివిడిగా ఉంటాయి. ఇంటిపేరు గడిలో ఇంటిపేరే పడేలా మీరే దగ్గరుండి చూడండి, నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి. కాగితాల మధ్య తేడా అప్పటికే ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే బిడ్డవని అఫిడవిట్ రాయించి వెంట తీసుకెళ్లండి. తీరిక ఉన్నప్పుడు ఆధార్‌ను బర్త్ సర్టిఫికెట్‌కు తగ్గట్టు మార్పించుకుంటే తర్వాత పదో తరగతి దాకా గొడవ ఉండదు.

లక్షణం: "స్కూలు ఇంటి పక్కనే. అయినా దూరంవాళ్లలో పడేశారు"

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, మ్యాపులో పిన్ను. ఫారం నింపేటప్పుడు మ్యాపు మీద ఇల్లు చూపించాలి. నెట్ సెంటర్లో కూర్చుని నింపితే కొన్నిసార్లు ఆ సెంటరే మీ ఇల్లయి కూర్చుంటుంది. దూరం లెక్కించేది ఆ పిన్ను నుంచే.

పరిష్కారం: ఫారం కన్ఫర్మ్ చేయకముందే పిన్ను జరపండి. ఇంటి దగ్గరే నిలబడి ఫోనులో నింపితే ఇంకా మంచిది. కన్ఫర్మ్ నొక్కాక మార్చడం కుదరదు. దగ్గరవాళ్లకే ముందు అవకాశం కదా అని కావాలనే స్కూలు పక్కకు పిన్ను జరిపేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా చెడ్డ పని. చిరునామా తప్పని తేలితే వచ్చిన సీటు రద్దు చేస్తారు.

లక్షణం: "చిరునామా రుజువు లేదన్నారు"

ఇక్కడ మూడు రకాల కుటుంబాలు ఇరుక్కుంటాయి.

పని కోసం ఇటు వచ్చి ఏళ్లయినా ఆధార్‌లో ఇంకా ఆసిఫాబాద్ ఊరే ఉన్నవాళ్లు మొదటి రకం. మార్పించుకోవడమే మందు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు లాంటివి ఉంటే అవీ పనికొస్తాయి.

రెండో రకం అద్దెకుండేవాళ్లు. చేతిరాత అగ్రిమెంటు, నోటరీ కాగితం చాలవు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైన అద్దె అగ్రిమెంటు కావాలి, అదీ 11 నెలలకు తగ్గకుండా, దరఖాస్తులు మొదలయ్యే తేదీకి ముందే అయి ఉండాలి. ఇంటి యజమాని రిజిస్ట్రేషన్ అనగానే ముఖం చాటేస్తాడు. ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పి డిసెంబరులోపు ఒప్పించండి. మీరు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నారా అని చూడటానికి మనుషులు రావచ్చు కూడా.

మూడో రకం జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ మావే అనే 14 ఊళ్లవాళ్లు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఊళ్లో రెండు ప్రభుత్వాల బళ్లు. రెండు వైపులా లాభం అనుకుంటాం గానీ ఫారం నింపేటప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. ఒక కాగితం తెలంగాణలోని కెరమెరి మండలం, ఇంకోటి జివతి తాలూకా చూపిస్తే ఏ కమిటీ అయినా పక్కన పెడుతుంది. మహారాష్ట్ర ఆర్టీఈకి వెళ్తున్నారంటే నివాసం, కులం, ఆదాయం అన్నీ మహారాష్ట్రవే పెట్టండి, అటువైపు కాగితం ఒక్కటీ కలపకండి.

లక్షణం: "మా ఊరికి దగ్గర్లో ఒక్క స్కూలూ జాబితాలో కనిపించలేదు"

కనిపించదు మరి. జిల్లా పరిషత్ బడులు, ప్రభుత్వ సాయం తీసుకునే ప్రైవేటు బడులు 25 శాతం లాటరీ జాబితాలో ఉండవు. మైనారిటీ స్కూళ్లకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. భాషా మైనారిటీ గుర్తింపు తీసుకున్న తెలుగువాళ్ల స్కూలైనా అంతే, అక్కడ ఆర్టీఈ సీటు అడిగే హక్కు లేదు. మనవాళ్ల స్కూలే కదా అని లాటరీ కోసం ఎదురుచూసి మోసపోకండి. నేరుగా వెళ్లి అడ్మిషన్ అడగండి.

సిరొంచ లాంటి చోట ప్రైవేటు స్కూళ్లే తక్కువ. దూరం పెంచి వెతకండి, గరిష్ఠంగా 10 స్కూళ్ల దాకా ఎంచుకోవచ్చు. అందరూ ఎగబడే ఒకే ఒక్క పేరున్న స్కూలు పెట్టి ఊరుకుంటే ఆశ సన్నగిల్లుతుంది. 10 సీట్లకు 1 కిలోమీటరు లోపు వాళ్లే 60 మంది ఉంటే రెండో కిలోమీటరులో ఉన్న మీ దాకా లాటరీయే రాదు. పేరు లేకపోయినా పాఠాలు బాగా చెప్పే స్కూళ్లు రెండు మూడు కలపండి.

ప్రభుత్వ బడి 1 కిలోమీటరులో ఉంటే ప్రైవేటు స్కూలు ఆర్టీఈ సీటు ఇవ్వక్కర్లేదని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ నిబంధన 2024 ఫిబ్రవరిలో తెచ్చిన మాట నిజమే. మేలో బాంబే హైకోర్టు ఆపింది, జూలైలో కొట్టేసింది. స్కూలువాళ్లు ఆ మాట చెప్పి పంపించేస్తే ఒప్పుకోకండి.

లక్షణం: "లాటరీలో మా దరఖాస్తు నంబరే లేదు"

రెండు ఫారాలు వేసి ఉంటారు. అవకాశం రెట్టింపు అవుతుందని నాన్న ఒకటి, మేనమామ ఒకటి వేస్తే రెండూ పోతాయి. ఇంతకుముందు ఒకసారి ఆర్టీఈలో చేరిన పిల్లవాడికీ మళ్లీ అవకాశం లేదు. రెండో తరగతికో నాలుగో తరగతికో ఆర్టీఈ సీటు అడిగినా లాభం లేదు, మొదట చేరే తరగతికే అది.

పైతరగతిలో వలస వచ్చిన పిల్లలకు వేరే రక్షణ ఉంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని జిల్లా పరిషత్ బడి చేర్చుకోను అనకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదనీ అనకూడదు. మరాఠీ రాదు కాబట్టి కింది తరగతిలో వేస్తామంటే వయసుకు తగిన తరగతే ఇవ్వాలని 4వ సెక్షన్ చూపించండి.

లక్షణం: "వెయిటింగ్ లిస్టులో ఉన్నాం, ఎవరూ పిలవలేదు"

మెసేజ్ రాకపోయినా పోర్టల్‌లో పిలుపు ఉండవచ్చు. గడువు లోపల రోజూ దరఖాస్తు నంబరు కొట్టి చూడండి. ఫోను నంబరు మార్చినవాళ్లయితే మరీను. పేరు వచ్చిన స్కూలు నచ్చలేదని చేరకుండా కూర్చుంటే తర్వాతి విడతలో పిలుస్తారని ఆశపడకండి.

లక్షణం: "స్కూలువాళ్లు పిల్లవాడికి పరీక్ష పెట్టారు" లేదా "డొనేషన్ అడిగారు"

రెండూ 13వ సెక్షన్ కింద నేరమే. పరీక్షో ఇంటర్వ్యూనో పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్‌కు అడిగిన మొత్తానికి పదింతల దాకా. ఇది మిగతా 75 శాతం సీట్లకూ వర్తిస్తుంది.

ఆర్టీఈ సీటులో చేరాక ట్యూషన్ ఫీజు అడిగితే ఇవ్వకండి. ప్రభుత్వం నుంచి మా డబ్బు రాలేదని స్కూళ్లు వాపోతుంటాయి. బకాయిల మాట నిజమే కావచ్చు గానీ అది స్కూలుకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. పుస్తకాలు, బస్సు లాంటి వాటికి డబ్బు అడిగితే ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి. ఉచితం ఎనిమిదో తరగతి దాకానే, తొమ్మిది నుంచి పూర్తి ఫీజు. ఆ లెక్క ఇప్పుడే వేసుకుని ఉండండి.

ఫిర్యాదుకు మొదటి మెట్టు పంచాయతీ సమితిలోని గట్ శిక్షణాధికారి, అంటే బ్లాకు స్థాయి విద్యాధికారి. నోటిమాటగా చెబితే రేపు రమ్మంటారు. మరాఠీలో రాయించి ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఆ తీర్పు నచ్చకపోతే అక్కడికే అప్పీలు చేయవచ్చు. అప్పుడు అడిగే మొదటి కాగితం ఆ ముద్ర వేసిన నకలే.