డిస్కస్ ఏ టైముకు బెదురుతోంది? లైటు తప్పులు పట్టుకునే పద్ధతి

ఇంటి అక్వేరియంలో పెంచే డిస్కస్ చేప నల్లబడినా, మూలకు చేరినా చాలామంది ముందు మందు సీసా తీస్తారు. నేనైతే ముందు గడియారం చూడమంటాను. రోజులో ఒకే వేళకు ఇబ్బంది వస్తోందంటే లైటును అనుమానించాలి. రాత్రీ పగలూ తేడా లేకుండా చేప డల్‌గా ఉందంటే నీళ్లనో జబ్బునో అనుమానించాలి. అందుకే ఏం జరిగిందో, ఏ టైముకు జరిగిందో రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి. ఆ తర్వాతే కింద చదవండి.

ఈ చేప సొంతూరు అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడ రియో నెగ్రో లాంటి ఉపనదుల్లో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. డిస్కస్ గుంపులు ఒడ్డున కూలిన చెట్ల కొమ్మల మధ్య, వేళ్ల మధ్య తిరుగుతాయి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పగలు దాదాపు 12 గంటలే. సంజవేళ మన దగ్గరకన్నా త్వరగా ముగుస్తుంది, అయినా 20 నిమిషాల పైమాటే. మన స్విచ్చు మాత్రం ఆ పని ఒక్క క్షణంలో చేసేస్తుంది. డిస్కస్‌ను బెదరగొట్టేది చాలాసార్లు వెలుగు కాదు, ఆ క్షణం.

పొద్దున లైటు వెయ్యగానే ట్యాంకంతా కొట్టుకుంటోంది

కారణం: చేపకు కనురెప్పలు లేవు. మన కంటిపాప వెలుగు పడగానే ముడుచుకున్నట్టు చాలా చేపల కంటిపాప ముడుచుకోదు. వాటి కంటి లోపలి పొరలో వెలుగును, చీకటిని చూసే కణాలు కాస్త ముందుకీ వెనక్కీ జరిగి సర్దుకుంటాయి. దానికి అరగంట దాకా పడుతుంది. ఆలోపు పూర్తి లైటు మీద పడితే డిస్కస్ దిక్కు తెలియక అద్దానికో, హీటరుకో, చెక్క మొద్దుకో గుద్దుకుంటుంది. మూతి దగ్గర తెల్లటి గీత, ఊడిన పొలుసులు, కంటి మీద పొర కనిపిస్తే రాత్రి ఏ జబ్బో వచ్చిందనుకోకండి, పొద్దున లైటు వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఆ గాయాల మీద తర్వాత ఫంగస్, బ్యాక్టీరియా చేరితే సమస్య పెద్దదవుతుంది.

పరిష్కారం: ముందు గదిలో వెలుగు రావాలి, తర్వాతే ట్యాంకులో. కిటికీ తెరలు తీసి, లేదా గది లైటు వేసి, అరగంట ఆగి ట్యాంకు లైటు వెయ్యండి. ఆపేటప్పుడు దీనికి తిరగేసి చెయ్యండి: ముందు ట్యాంకు లైటు, అరగంట తర్వాత గది లైటు. దీనికి పైసా ఖర్చు లేదు. డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీ ఉంటే 30 నుంచి 45 నిమిషాల్లో మెల్లగా పెరిగేలా, రాత్రి అలాగే మెల్లగా తగ్గేలా పెట్టండి. డిమ్మర్ లేకపోతే ట్యాంకుకు దూరంగా ఒక చిన్న బల్బును ముందు వెలిగేలా ఇంకో టైమరుకు తగిలిస్తే చాలు.

లైటు వచ్చిన అరగంట దాకా మేత వెయ్యకండి. ఆ కాసేపు చేప ఒంటి మీద చారలు ముదురుగా కనిపించినా కంగారు పడక్కర్లేదు, అది రాత్రి రంగు, మెల్లగా వదులుతుంది. గంట దాటినా వదలకపోతే అప్పుడు ఆలోచించాలి. ఇంకో మాట: అర్ధరాత్రి ఫోను టార్చితో ట్యాంకులోకి చూసే అలవాటు మానాలి. పగలంతా ఎంత జాగ్రత్త పడినా ఆ ఒక్కసారితో పోతుంది.

లైటు ఉన్నంతసేపూ మూలనే ఉంటోంది, ఆరితే తిరుగుతోంది

కారణం: వెలుగు ఎక్కువైంది, లేదా దాక్కునే నీడ లేదు. మొక్కల ట్యాంకుకని కొన్న బలమైన లైటును డిస్కస్ మీద పెట్టినప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది. అడుగు తెల్లగా ఉంటే వెలుగు కింద నుంచి కూడా కొడుతుంది. గుంపు చిన్నదైనా బెదురు ఎక్కువే. ఒకటి రెండు డిస్కస్‌లు ఎంత మంచి లైటు కిందైనా ధైర్యంగా తిరగవు, కనీసం ఐదారు ఉండాలి.

తేల్చుకోవడం తేలిక. మూడు రోజులు లైటును మూడో వంతుకు తగ్గించండి. డిమ్మర్ లేకపోతే లైటును ఒక అడుగు పైకి లేపండి. చేప ముందుకొచ్చి మేత అందుకుంటే కారణం దొరికినట్టే. మార్పేమీ లేకపోతే లైటును వదిలేసి నీళ్లు పరీక్షించండి.

పరిష్కారం: నీళ్ల మీద తేలే మొక్కలు అన్నిటికన్నా మేలు. అంతరతామర, సాల్వీనియా లాంటివి సగం పైభాగం కప్పేలా ఉంటే కింద నీడ, మధ్యలో వెలుగు రెండూ దొరుకుతాయి, ఎక్కడ ఉండాలో చేపే ఎంచుకుంటుంది. నిలువుగా నిలబెట్టిన చెక్క కొమ్మలు డిస్కస్ పల్చటి ఒంటికి బాగా నప్పుతాయి. మొక్కలు కావాలనుకుంటే 28 నుంచి 30 డిగ్రీల వేడినీ, తక్కువ వెలుగునూ తట్టుకునే అనూబియాస్, క్రిప్టోకోరిన్ లాంటివి పెట్టుకోండి. ఎర్ర మొక్కల కోసం లైటు పెంచి అదే ట్యాంకులో డిస్కస్ ప్రశాంతంగా ఉండాలనుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

పిజియన్ బ్లడ్ రకం పెంచేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ రకానికి నిలువు చారలు రావు, కాబట్టి చారలు చూసి బెదురు కనిపెట్టలేరు. రెక్కలు ముడుచుకోవడం, రంగు వెలిసిపోవడం చూడాలి. వెనక అద్దం, అడుగు బాగా నల్లగా ఉంటే వీటి ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు పెరుగుతాయి. వాటికి లేత నీలం వెనకభాగం పెట్టి, లైటు తగ్గించడం మంచిది.

అద్దం నిండా పాచి, చేప మాత్రం బాగానే ఉంది

లైటు గంటలు ఎక్కువయ్యాయి, లేదా కిటికీ ఎండ నేరుగా పడుతోంది. రోజుకు 8 గంటలతో మొదలుపెట్టండి, 10 దాటకండి. ఇంట్లో అందరూ ఉండే వేళకు సరిపడేలా మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 దాకా పెట్టుకుంటే మీకూ చూసే భాగ్యం ఉంటుంది. పాచి తగ్గాలని మధ్యలో రెండు గంటలు లైటు ఆపే పద్ధతి కొందరు చెబుతారు. డిస్కస్‌కు నేను వద్దంటాను, రోజుకు రెండు మార్పులు చాలక నాలుగు అవుతాయి.

పిల్ల డిస్కస్‌లకు రోజుకు నాలుగైదుసార్లు మేత వెయ్యాలి కదా, అందుకని లైటు పొద్దున్నుంచీ ఉంచాలా? అక్కర్లేదు. గది వెలుగులో అవి చక్కగా తింటాయి. అడుగున ఇసుక, మొక్కలు లేని ఖాళీ ట్యాంకులో లైటు అవసరం చేపకన్నా మనకే ఎక్కువ.

కరెంటు పోయి వచ్చిన రాత్రే గొడవ

ఇది మన ఊళ్లలో తరచుగా పట్టుబడే దొంగ. తిరిగే డయల్ ఉన్న టైమరు కరెంటు పోగానే ఆగిపోతుంది. పోయినంతసేపూ వెనకబడుతూ, పది పదిహేను కోతల తర్వాత రాత్రి 9కి ఆరాల్సిన లైటు అర్ధరాత్రి ఆరుతుంది. కొన్ని ఎల్‌ఈడీ కంట్రోలర్లు ఇంకా ప్రమాదం: కరెంటు తిరిగి రాగానే టైము మరిచిపోయి, రాత్రి రెండింటికైనా సరే, పూర్తి వెలుగుతో వెలుగుతాయి.

మీది ఏ రకమో పగలే తేల్చుకోండి: ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి చూడండి. సెట్టింగు పోతే, లోపల బ్యాటరీ ఉండి టైము నిలుపుకునే డిజిటల్ టైమరును దాని ముందు తగిలించండి. అప్పుడు రాత్రి కరెంటు వచ్చినా లైటుకు అందదు. ఇన్వర్టరు మీద ఫిల్టరు, గాలి పంపు ఉండాలి. లైటుకు అక్కర్లేదు.

చీకట్లో ఉన్నట్టుండి దబదబ కొట్టుకోవడం

కటిక చీకట్లో వీధిలోంచి బండి లైటు పడ్డా, ఎవరో హాల్లో ట్యూబులైటు వేసినా ఇలా అవుతుంది. తెర వేయండి, లేదా ట్యాంకు ముందు రాత్రిపూట గుడ్డ కప్పండి. అలాగని రాత్రంతా నీలం లైటు వెలిగించి ఉంచకండి. రాత్రి వెలుగు ఉంటే చేపల్లో నిద్రవేళను నడిపే మెలటోనిన్ తగ్గుతుంది. గదిలో దూరంగా చిన్న జీరో బల్బు ఉంటే, అదీ రోజూ ఒకేలా ఉంటే, ఇబ్బంది లేదు.

డిస్కస్ జంట గుడ్లు పెట్టినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. చీకట్లో బెదిరిన తల్లిదండ్రులు గుడ్లు తినేయవచ్చు. గుడ్లు రెండున్నర, మూడు రోజుల్లో పొదుగుతాయి, మరో రెండు మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టి తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును తింటాయి. చీకట్లో దారి తప్పితే ఆ తిండి అందదు. గుడ్లు పెట్టిన రోజు నుంచి పిల్లలు ఒంటిని అంటిపెట్టుకుని బాగా తినేదాకా మసక లైటు రాత్రంతా ఉంచండి. తర్వాత రోజుకు కొంచెం చొప్పున తగ్గించండి.

తెల్లారుజామున పైకొచ్చి గాలి మింగుతోంది

చూడటానికి లైటు సమస్యలా ఉంటుంది, అసలు కొరత ఆక్సిజన్. చీకట్లో మొక్కలు ఆక్సిజన్ వదలవు, పైగా వాడుకుంటాయి. వేడి నీళ్లలో అది కరిగేదే తక్కువ: 25 డిగ్రీల వద్ద లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన, 30 వద్ద ఏడున్నర. లైటు ఆరగానే ఎయిర్ స్టోన్ (గాలి పంపుకు తగిలించే, బుడగలు వదిలే రాయి) మొదలయ్యేలా టైమరు పెట్టండి. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంటే లైటు ఆరడానికి గంట ముందే ఆపండి.

ఎండాకాలంలో పాత ట్యూబులైట్ల వేడి కూడా నీళ్లకు తోడవుతుంది. థర్మామీటరు 32 దాటుతుంటే ఎల్‌ఈడీకి మారండి, లైటు వేళను మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరపండి, అద్దం మూత తీసి వల వేసి పైనుంచి చిన్న ఫ్యాను గాలి తగలనివ్వండి.

గంటలు, వెలుగు అన్నీ సరిచేశారు, అయినా నల్లగానే ఉంది

తెల్లటి దారంలాంటి మలం, ఒకవైపు మొప్పతోనే ఊపిరి, ఒంటి మీద జిగురు పొరలా ఊడటం, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేయడం: వీటిలో ఏది కనిపించినా ఇది లైటు పని కాదు. ఆ రోజే అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. రెండూ సున్నా ఉండాలి, లేకపోతే వెంటనే నీళ్లు మార్చండి. సున్నా ఉండి కూడా ఈ గుర్తులు ఉంటే ఆ చేపను వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చూడాలి. వైద్యం జరిగే ట్యాంకులో లైటు వద్దు, గది వెలుగు చాలు.

ఇవేవీ లేకపోతే మరో మార్పు చెయ్యకుండా వారం ఆగండి. కొత్త టైముకు అలవాటు పడటానికి డిస్కస్‌కు అన్ని రోజులు పట్టవచ్చు. నది నుంచి పట్టి తెచ్చిన చేపలైతే ఇంకా ఎక్కువే.