మోడల్‌లో లైను గేటు దాటుతోంది, కౌంటరు దగ్గర అంత లేదు: ఎక్కడ వెతకాలి

ఓపీ చీటీల కౌంటరుకి సిమ్యులేషన్ కట్టారు, అంటే జనం రాకనీ లైనునీ కంప్యూటరులో నడిపి చూసే మోడల్. రన్ చేస్తే పదిన్నరకి లైనులో అరవై మంది. వెళ్లి చూస్తే ఇరవై మందే. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి మోడళ్లు చాలానే సరిచేశాను. ఎవరు పిలిచినా ముందు అడిగేది ఒకటే: ఆ లైను పక్కన ఒక పూట నిలబడి లెక్కపెట్టారా? దాదాపు ఎవరూ పెట్టరు. రిజిస్టరు ఫోటోలు తీసుకుని ఇంటికెళ్లి మోడల్ కడతారు. రిజిస్టరులో చీటీ అందినవాళ్లే ఉంటారు. విసిగి వెళ్లిపోయినవాళ్లు ఉండరు, ఎవరు ఎంతసేపు నిలబడ్డారో ఉండదు.

ముందు ఐదు నిమిషాల్లో తేలేవి

ఒకరికీ తర్వాతి వారికీ మధ్య సమయాన్ని యాదృచ్ఛికంగా తీయడానికి పైథాన్ రాండమ్ మాడ్యూల్‌లో ఎక్స్‌పోవేరియేట్‌కి రేటు (నిమిషానికి ఎంతమంది) ఇవ్వాలి. నంపై అనే పైథాన్ లైబ్రరీలో ఎక్స్‌పొనెన్షియల్‌కి సగటు (ఎన్ని నిమిషాలకు ఒకరు) ఇవ్వాలి. ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చినవే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. తర్వాత లిటిల్ సూత్రం: లైనులో సగటు మంది = వచ్చే రేటు × సగటు నిరీక్షణ. మీ అవుట్‌పుట్‌లోని మూడు అంకెలూ దీనికి కుదరకపోతే తప్పు కోడ్‌లోనే ఉంది, మనుషుల ప్రవర్తన దాకా పోనక్కర్లేదు.

లక్షణం: సగటు కుదిరింది, తొమ్మిదింటి తోపులాట మాత్రం మోడల్‌లో లేదు

జనం ఒక్కొక్కరుగా వస్తారని రాశారు. పాతపట్నం బస్సో పాలకొండ బస్సో కాంప్లెక్స్‌లో (బస్టాండులో) ఆగిన కాసేపటికి ఆటోల్లో పదిహేను మంది ఒక్కసారే దిగుతారు. బస్సుల వేళలు పట్టుకుని గుంపులుగా పంపండి. తల్లి బెంచీ మీద కూర్చుంటే కొడుకు లైనులో ఉంటాడు, వాళ్లిద్దరికీ చీటీ ఒకటే. మనుషుల్ని కాదు, చీటీలను లెక్కపెట్టండి.

లక్షణం: రద్దీ వేళ మోడల్ లైను పేలిపోతోంది, ఖాళీ వేళ సరిగ్గానే ఉంది

నన్ను ముంచింది ఇదే. ఒక ఆసుపత్రిలో మధ్యాహ్నం రెండింటికి స్టాప్‌వాచీతో కూర్చున్నాను. చీటీకి సగటున 3 నిమిషాలు తేలింది. అదే అంకె రోజంతటికీ పెట్టాను. మోడల్ రెండో కౌంటరు కావాలంది, నేనూ అదే చెప్పాను. వాళ్లు పెట్టారు. రెండో కౌంటరు చాలాసేపు ఖాళీగా ఉండేది. ఒక మనిషి జీతం నా మాట మీద పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత ఉదయం వెళ్లి కూర్చుంటే తెలిసింది. మధ్యాహ్నం ఆపరేటరు "ఏ ఊరు మామ్మా, ఎవరొచ్చారు నీతో?" అని అడిగి, నిదానంగా టైపు చేస్తాడు. పదింటికి వెనక నుంచి "బేగి కానీయండి బాబూ, బస్సు ఎల్లిపోద్ది" అని అరుపులు. అప్పుడు మాటల్లేవు, తల ఎత్తడు, చిల్లర ముందే పేర్చుకుని ఉంటాడు. చీటీకి రెండున్నర నిమిషాలే. లైను పొడవు మనిషి చేతి వేగాన్ని మార్చేస్తుంది.

అర నిమిషమే కదా అనుకోకండి. గంటకు 18 మంది యాదృచ్ఛికంగా వచ్చే ఒకే కౌంటరును సాదా ఎం/ఎం/1 సూత్రంతో (రాకలూ చీటీ సమయాలూ యాదృచ్ఛికంగా మారే ఒకే కౌంటరుకి వాడే లెక్కతో) లెక్కకట్టండి. 3 నిమిషాలైతే లైనులో సగటు నిరీక్షణ 27 నిమిషాలు. రెండున్నర అయితే ఏడున్నర.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఉంది. లైను తగ్గించడానికి "కొందరు విసిగి వెళ్లిపోతారు" అని ఒక శాతం పెట్టి, అసలు లైనుతో కుదిరేదాకా తిప్పుతారు. గ్రాఫ్ చక్కగా కుదురుతుంది. అప్పుడు రోజు మొత్తం చీటీలు చూడండి. మోడల్ 150 ఇచ్చి రిజిస్టరు 180 చూపిస్తే వెళ్లిపోయినవాళ్లు అంతమంది లేరు, ఆపరేటరే వేగం పెంచాడు. లైనూ చీటీలూ రెండూ కుదరాలి. పైగా పాతపట్నం నుంచి ఛార్జీ పెట్టుకుని వచ్చినవాళ్లు అంత తేలిగ్గా వెనక్కి పోరు. రేపు వద్దాంలే అనుకునేది టౌనువాళ్లే. శాతం పెట్టాల్సి వస్తే ఇద్దరికీ వేరువేరుగా పెట్టండి.

సరిచేసే పద్ధతి: ప్రతి చీటీకీ మొదలైన సమయం, ముగిసిన సమయం, మొదలైనప్పుడు వెనక ఎంతమంది ఉన్నారు, ఈ మూడూ రాసుకోండి. రెండు ఉదయాలు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే సరిపడా దొరుకుతాయి. ముగ్గురి దాకా, నాలుగు నుంచి పది, పది పైన అని మూడు గుంపులు చేసి ఒక్కో గుంపుకీ వేరే డిస్ట్రిబ్యూషన్ (చీటీకి ఏ సమయం ఎంత తరచుగా పట్టిందో చెప్పే పంపిణీ) పెట్టండి. మోడల్‌లో రోగి కౌంటరు ముందుకు వచ్చిన క్షణాన లైను చూసి, ఆ గుంపు డిస్ట్రిబ్యూషన్ నుంచి సమయం తీయాలి. లైనులో చేరినప్పుడే తీసేస్తే మళ్లీ తప్పే.

ఆ వేగం ఎంతసేపైనా నిలుస్తుందని కూడా అనుకోకండి. ఆసుపత్రుల మీద 2009లో దివాస్ కె.సి., క్రిస్టియన్ టెర్వీష్ ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చూపింది: పని భారం పెరిగితే వేగం పెరుగుతుంది, భారం అలాగే కొనసాగితే తగ్గిపోతుంది. పదిన్నర తర్వాతి అంకెలు విడిగా చూడండి. తొందరలో తప్పు విభాగం పడిన చీటీలు డాక్టరు గది నుంచి తిరిగొస్తాయి, వాటినీ లైనులో కలపండి.

మిగిలినవి

వార్మప్ పీరియడ్ (మోడల్ కుదురుకునేదాకా మొదటి అంకెలు వదిలేయడం) గురించి అడుగుతారు. రోజూ తెరిచి మూసే కౌంటరుకి అక్కర్లేదు. తలుపు తీసేసరికే బయట ఉన్నవాళ్లను మాత్రం మొదట్లోనే పెట్టండి. ఒక్క రన్ చూసి మాట్లాడకండి, సీడ్ (యాదృచ్ఛిక అంకెల మొదలు) మార్చి ముప్పై రన్‌లు చేయండి. చీటీ సమయాలకు ఏ డిస్ట్రిబ్యూషన్ వాడాలి, గామానా, లాగ్‌నార్మలా అన్న చర్చ వల్ల లైను ఇంతలా మారిన కేసు నాకు తగల్లేదు.