తాగుడు మాన్పించాలంటే ముందు ఎక్కడికి వెళ్ళాలి?

అయ్యప్ప మాల వేసుకుని ఒక్కరోజులో మందు మానేసినవాళ్ళను మెచ్చుకుంటాం. వాళ్ళలో రోజూ క్వార్టరో హాఫో తాగేవాళ్ళు ఉంటే, దీక్ష మొదలైన రెండో రోజునే ఫిట్స్ రావచ్చు. కాలు విరిగో కామెర్లు వచ్చో ఆస్పత్రిలో చేరి, తాగుడు సంగతి డాక్టర్‌కు చెప్పకుండా దాచినవాళ్ళకూ ఇదే ప్రమాదం. ఏళ్ళ తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు అది ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. అందుకే మొదట వెతకాల్సింది డీఅడిక్షన్ సెంటర్ (తాగుడు మాన్పించే కేంద్రం) కాదు, మానేసిన మొదటి ఐదు రోజులు దాటించగల డాక్టర్‌ను.

ముందు లెక్క తేల్చుకోండి. 180 మి.లీ. విస్కీ క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో 10 గ్రాములను ఒక డ్రింక్‌గా లెక్కిస్తారు కాబట్టి ఒక క్వార్టర్ అంటే ఆరు డ్రింకులు. 'రోజూ కొంచెమే' అనే మాట ఇక్కడే తేలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' అనే పది ప్రశ్నల పరీక్షలో మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్ పరీక్ష తప్పనిసరి. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితే గానీ ఆగకపోతే, మార్కులు వేసుకుంటూ కూర్చోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆఖరి పెగ్గు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, వాంతి, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. అది ప్రాణాపాయం. గుడికో భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్ళకుండా 108కి ఫోన్ చేయండి. గతంలో ఒక్కసారైనా ఇలా జరిగినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళు ఆస్పత్రిలో చేరే మానాలి. మిగతావాళ్ళలో చాలామందికి డాక్టర్ ఇంటి దగ్గరే మాత్రలతో మాన్పించగలరు. క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్ర ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరాజిపామ్ ఇస్తారు. వీటిని మెడికల్ షాపులో సొంతంగా కొని, పైన మందు కూడా తాగితే ఊపిరే ఆగిపోవచ్చు.

నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకోవడం మరో ప్రమాదం. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని నడక తూలవచ్చు, చూపు చెదరవచ్చు, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. సెలైన్ పెట్టేముందు 'థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?' అని అడగండి.

కల్లు తాగేవాళ్ళయితే ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. అప్పుడు మాన్పించాల్సింది ఆల్కహాల్ ఒక్కటే కాదు, ఆ మత్తుమందులు కూడా. మోతాదు, రోజులు మారిపోతాయి.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. మత్తు వ్యసనాలకే ప్రత్యేకించిన జాతీయ నంబర్ 14446. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. పెద్ద ఆస్పత్రులంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి: ఏం తాగుతారు, రోజుకు ఎంత, ఆఖరిసారి ఎన్ని గంటలకు, ఫిట్స్ వచ్చాయా, ఇంకేం మాత్రలు వాడుతున్నారు.

వణుకు తగ్గాక అసలు వైద్యం మొదలవుతుంది. చాలా ఇళ్ళలో సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు, నెలలోపే మళ్ళీ సీసా తెరుచుకుంటుంది. తాగాలనే ఆరాటాన్ని తగ్గించే మాత్రలున్నాయి. నాల్‌ట్రెక్సోన్ సాధారణంగా రోజుకు 50 మి.గ్రా.; ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్ళకు ఇవ్వకూడదు. అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు; ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి. డైసల్ఫిరామ్ సంగతి వేరు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. 'తెలియకుండా కూరలో కలపండి' అని అమ్మే పొడుల జోలికి దయచేసి వెళ్ళకండి. వాటిలో ఏముందో తెలియదు. డైసల్ఫిరామే ఉంటే, విషయం తెలియక తాగిన మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

మాత్రలతో పాటు కౌన్సెలింగ్ కావాలి. సలహాలిచ్చే ప్రతి ఒక్కరూ థెరపిస్టు కాదు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మంచి థెరపీలో ఉపన్యాసం ఉండదు. జీతం పడిన సాయంత్రం ఏ దారిన ఇంటికి వస్తారు, దావత్‌లో గ్లాసు చేతికిస్తే ఏమంటారు, ఆదివారం మధ్యాహ్నం ఎవరితో గడుపుతారు అని ఒక్కో సందర్భం పట్టుకుని ముందే జవాబు తయారుచేయిస్తారు. ఆరాటం చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట ఏం చేయాలో సాధన చేయిస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్; దాని మీటింగులకు ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఇంటివాళ్ళు ఎప్పుడు కలవచ్చు? జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి. వ్యాన్ పంపి ఎత్తుకొస్తామనేవాళ్ళు, కొడితేనే దారికొస్తారనేవాళ్ళు వైద్యులు కారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టేయడం, బలవంతంగా గుండు కొట్టించడం నేరుగా నిషిద్ధం. తన మేలు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళను చేర్చడానికి కూడా డాక్టర్ పరీక్ష, 30 రోజుల గడువు లాంటి షరతులున్నాయి. ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉండొద్దు. చాలా పాలసీల్లో మద్యం వ్యసన వైద్యాన్ని మినహాయిస్తూ నిబంధన ఉంటుంది. ముందే రాతపూర్వకంగా అడగండి.

మధ్యలో ఒకసారి తాగితే అంతా అయిపోయినట్టు కాదు. డాక్టర్ ముఖం చూడలేక అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టడమే అసలు నష్టం. మర్నాడే వెళ్ళి చెబితే మాత్ర మార్చడమో మోతాదు సరిచేయడమో చేస్తారు.

మనిషి రానంటే ఇంటివాళ్ళే ముందు వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడవచ్చు. తాగి ఉన్నప్పుడు గొడవ పెట్టుకోకుండా, మత్తు దిగాక పొద్దున మాట్లాడండి. అప్పులు తీర్చడం, ఆఫీసుకు ఫోన్ చేసి 'జ్వరం' అని చెప్పడం ఆపండి. కొడుతుంటే సర్దుకుపోవద్దు: మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.