హంగ్ వస్తే ప్రభుత్వం ఎవరిది? ముందే లెక్కగట్టడం ఎలా

ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాకపోతే, ఫలితాల రోజు సాయంత్రానికి అందరూ చేసే తప్పు ఒకటే. ఎక్కువ సీట్లొచ్చిన పార్టీని పైన రాసుకుంటారు. దాని కింద చిన్న పార్టీలను ఒక్కోటీ కలుపుకుంటూ పోయి, మ్యాజిక్ ఫిగర్ దాటగానే "ఇదిగో ప్రభుత్వం" అని తేల్చేస్తారు. ఇది కూడికల పని అనుకోవడంలోనే పొరపాటుంది. ఇది తీసివేతల పని. సాధ్యమయ్యే జట్లన్నీ రాసుకుని, కుదరనివి ఒక్కోటీ కొట్టేస్తూ రావాలి. చివరికి మిగిలినదే ప్రభుత్వం.

ఈ పద్ధతి సభ విశ్వాసం మీద ప్రభుత్వం నిలబడే పార్లమెంటరీ దేశాలకే పనికొస్తుంది. జనం నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుడే ప్రభుత్వాన్ని నడిపే చోట దీంతో పని లేదు.

కావలసినవి

తెల్లకాగితం, పెన్సిల్, ఎర్ర పెన్ను. ఖరారైన సీట్ల జాబితా. ఆ దేశ రాజ్యాంగంలో ప్రభుత్వ ఏర్పాటు గురించి ఉన్న నాలుగైదు అధికరణలు. పోయిన రెండు సభల్లో విశ్వాస, అవిశ్వాస తీర్మానాల మీద ఎవరు ఎటు ఓటేశారో చెప్పే పట్టిక. అంతే. స్ప్రెడ్‌షీట్ జోలికి పోకండి. ఎనిమిది పార్టీలుంటే అది 255 జట్లు చూపిస్తుంది, అన్నీ సాధ్యమేననిపిస్తుంది. ఎగ్జిట్ పోల్స్ అసలే వద్దు. అవి సీట్లను ఊహిస్తాయి. సీట్లు తెలిశాక మొదలయ్యే పని మనది.

సీట్లు ఖరారయ్యేదాకా ఆగండి

ఒక్క సీటు అటూ ఇటూ అయినా మొత్తం కథ మారిపోవచ్చు. న్యూజిలాండ్‌లో 2017 ఎన్నికల రాత్రి నేషనల్ పార్టీకి 58 సీట్లు చూపించారు. ప్రత్యేక ఓట్లు లెక్కించాక అవి 56కి తగ్గాయి. లేబర్, గ్రీన్స్‌కు చెరొకటి పెరిగాయి. స్పెయిన్‌లో 2023లో విదేశాల్లో ఉన్నవాళ్ల ఓట్లు కలిశాక ఒక సీటు సోషలిస్టుల నుంచి పీపుల్స్ పార్టీకి మారింది. సోషలిస్టులకు 121, పీపుల్స్ పార్టీకి 137 మిగిలాయి. చూడటానికి చిన్న మార్పే. కానీ అప్పటిదాకా కాటలాన్ పార్టీ జుంట్స్ ఓటింగ్‌కు దూరంగా ఉంటే సరిపోతుందనుకున్న సోషలిస్టులకు, ఆ తర్వాత ఆ పార్టీ అనుకూల ఓటే కావాల్సి వచ్చింది. బేరం విలువ ఒక్కసారిగా పెరిగిపోయింది.

కనీస ఓట్ల శాతం నిబంధన ఉన్న దేశాల్లో గీత దగ్గర ఊగుతున్న పార్టీని విడిగా చూడండి. జర్మనీలో 2025లో బీఎస్‌డబ్ల్యూ పార్టీ 5 శాతం గడపకు పది వేల లోపు ఓట్ల దూరంలో ఆగిపోయింది. అది సభలోకి వచ్చి ఉంటే, ఆ తర్వాత ప్రభుత్వాధినేత అయిన మెర్జ్ కూటమికి మెజారిటీయే ఉండేది కాదు.

అసలు మ్యాజిక్ ఫిగర్ ఎంత?

"సగం ప్లస్ ఒకటి" అనుకుని ముందుకెళ్లిపోవద్దు. ఓటేసేవాళ్లు ఎందరో ముందు లెక్కపెట్టండి. బ్రిటన్ దిగువ సభ కామన్స్‌లో 650 సీట్లు కాబట్టి కాగితం మీద 326 కావాలి. 2017లో గెలిచిన ఏడుగురు ఉత్తర ఐర్లాండ్ సిన్ ఫేన్ పార్టీ సభ్యులు తమ పార్టీ విధానం ప్రకారం సభలో కూర్చోరు. స్పీకరూ ముగ్గురు డిప్యూటీలూ ఓటెయ్యరు. మిగిలింది 639, అంటే 320 చాలు. మన లోక్‌సభలోనూ స్పీకర్‌కు ఓట్లు సమానమైనప్పుడే ఓటు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270 తేడాతో పడిపోయిందని గుర్తుంటే, ఈ ఒకటీ రెండూ లెక్కలను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

తర్వాత ప్రశ్న ఇంకా ముఖ్యం: ప్రభుత్వానికి సభ "అవును" అనాలా, "కాదు" అనకుండా ఉంటే చాలా? స్వీడన్‌లో 349 మందిలో 175 మంది వ్యతిరేకించకపోతే ప్రధాని అభ్యర్థి నెగ్గినట్టే. 2019 జనవరిలో సోషల్ డెమొక్రాట్ల నాయకుడు లోవెన్‌కు అనుకూలంగా పడింది 115 ఓట్లే. వ్యతిరేకంగా 153 పడ్డాయి. 77 మంది తటస్థంగా ఉన్నారు. ఆయనే ప్రధాని అయ్యారు. కూడికల లెక్కవాళ్లు ఈ ఫలితాన్ని ఏ జన్మలోనూ ఊహించలేరు. స్పెయిన్‌లో మొదటి ఓటింగ్‌కు సంపూర్ణ మెజారిటీ కావాలి, రెండోదానికి వ్యతిరేక ఓట్ల కంటే అనుకూల ఓట్లు ఎక్కువుంటే చాలు. ఇటలీలో రెండు సభల విశ్వాసమూ కావాలి. 2013లో దిగువ సభలో మెజారిటీ ఉండి కూడా డెమొక్రటిక్ పార్టీ నాయకుడు బెర్సానీ ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోయింది సెనేట్ లెక్క కుదరకే.

ఓటు బహిరంగమా, రహస్యమా అన్నది కూడా రాసుకోండి. రహస్యమైతే కనీసం పది పదిహేను ఓట్ల మిగులు లేని జట్టు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. 2025 మే 6న జర్మన్ సభలో 328 మంది బలమున్న కూటమి నాయకుడు మెర్జ్‌కు మొదటి ఓటింగ్‌లో 310 ఓట్లే పడ్డాయి. కావలసినవి 316. అదే రోజు రెండోసారి 325తో గట్టెక్కారు.

జట్లు రాయడం

ఇది పది నిమిషాల పని. ఎన్నికలకు ముందు పొత్తు పెట్టుకున్నవాళ్లను ఒకే ముద్దగా రాయండి. ఒక్కో వరుసలో ఒక జట్టు, పక్కన మొత్తం. మెజారిటీకి అక్కర్లేని పార్టీ ఏదైనా వరుసలో ఉంటే దాన్ని కుండలీకరణంలో పెట్టండి, తీసెయ్యకండి. ఒక్క మిత్రుడు అలిగితే కూలిపోకూడదని పెద్ద పార్టీలు కావాలనే మిగులు ఉంచుకుంటాయి. 2024 లోక్‌సభ చూడండి. ఎన్డీయేకు 293, కావలసింది 272. తెలుగుదేశం 16 మందితో వెళ్లిపోతే 277 మిగులుతాయి. జేడీయూ 12 మందితో వెళ్తే 281. ఒక్కరే వెళ్తే ప్రభుత్వం పడదు. ఇద్దరూ కలిసి వెళ్తే 265, పడుతుంది. "కింగ్‌మేకర్" అని ఎవరినైనా పిలిచే ముందు ఈ తీసివేత చేసి చూడండి. సగం మంది కింగ్‌మేకర్లు అక్కడే మాయమైపోతారు.

కొట్టివేత: అందరూ చెడగొట్టే ఘట్టం

ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు. ఎర్ర పెన్ను చేతికి తీసుకున్నాకే చెడగొడతారు. ఒక నాయకుడు టీవీలో "వాళ్లతో కలిసే ప్రసక్తే లేదు" అనగానే వరుస కొట్టేస్తారు. ఎన్నికల ప్రచారంలో అన్న మాటలన్నింటినీ నమ్మి కొట్టేసుకుంటూ పోతే చివరికి కాగితం మీద ఒక్క వరుసా మిగలదు. కానీ ఏదో ఒక ప్రభుత్వం ఏర్పడే తీరుతుంది. కాబట్టి ప్రతి "కాదు"నీ విప్పి చూడాలి.

ముందుగా, ఆ "కాదు" మనిషి మీదా, పార్టీ మీదా? నెదర్లాండ్స్‌లో 2023లో విల్డర్స్ పార్టీకి 150లో 37 సీట్లొచ్చి పెద్ద పార్టీ అయింది. ఆయన ప్రధానిగా కాబోయే భాగస్వాములు ఒప్పుకోలేదు. ఆయన పక్కకు తప్పుకున్నారు. పార్టీ మాత్రం 2024 జులైలో ఏర్పడిన నాలుగు పార్టీల ప్రభుత్వంలో చేరింది. మనిషి మీద "కాదు" అయితే వరుస కొట్టకండి, ప్రధాని పేరు మాత్రం కొట్టండి.

రెండోది, దేనికి "కాదు"? మంత్రివర్గంలో చేరం, మద్దతివ్వం, వ్యతిరేకంగా ఓటేస్తాం. ఈ మూడూ వేరు వేరు మాటలు. నాయకులు మొదటిదే అంటారు, మనం మూడోది విన్నామనుకుంటాం. 1989లో కాంగ్రెస్ 197 సీట్లతో అందరికంటే పెద్ద పార్టీ. ప్రభుత్వం ఏర్పాటు చేసింది మాత్రం 143 సీట్ల జనతాదళ్ నాయకుడు వి.పి.సింగ్. 85 సీట్ల బీజేపీ ఒకవైపు, వామపక్షాలు మరోవైపు బయటి నుంచి మద్దతిచ్చాయి. ఆ రెండూ ఒకే మంత్రివర్గంలో కూర్చోవన్నది నిజమే. కూర్చోనక్కర్లేదు కూడా. ఒకే మనిషిని ఎవరి కారణాలతో వాళ్లు నిలబెడితే చాలు. "ఆ పార్టీకీ ఈ పార్టీకీ పడదు" అని వరుస కొట్టేసేవాళ్లు ఈ సంగతే మరిచిపోతారు. ఇలాంటి ఏర్పాటు ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే లెక్క. వి.పి.సింగ్ ప్రభుత్వం ఏడాది తిరగకుండానే పడిపోయింది.

మూడోది, మిగతా దారులన్నీ మూసుకుపోతే కూడా ఆ "కాదు" నిలుస్తుందా? జర్మనీలో 2017 ఎన్నికల రాత్రి సోషల్ డెమొక్రాట్లు తాము ప్రతిపక్షంలోనే కూర్చుంటామన్నారు. అప్పటికి ప్రభుత్వాధినేత మెర్కెల్ ముందు ఎఫ్‌డీపీ, గ్రీన్స్ పార్టీలతో కలిసే దారి ఉంది కాబట్టి అనడానికి ఖర్చేమీ లేదు. నవంబర్‌లో ఎఫ్‌డీపీ చర్చల నుంచి లేచిపోయింది. 2018 మార్చికల్లా సోషల్ డెమొక్రాట్లు ప్రభుత్వంలో ఉన్నారు. అందుకే ప్రతి నిరాకరణకూ ఈ పరీక్ష పెట్టండి: మిగతా వరుసలన్నీ వేలితో మూసెయ్యండి. ఇదొక్కటీ, మళ్లీ ఎన్నికలూ మాత్రమే మిగిలితే ఆ పార్టీ ఏది ఎంచుకుంటుంది? మళ్లీ ఎన్నికలొస్తే సీట్లు పోగొట్టుకునే పార్టీ మాట మార్చుకుంటుంది. సీట్లు పెరుగుతాయన్న ధీమా ఉన్న పార్టీ మార్చుకోదు.

మరి నిజమైన "కాదు" ఎలా ఉంటుంది? నాయకుడి నోట్లో కాక పార్టీ తీర్మానంలో ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ ఎన్నికలు దాటి వస్తుంది. అన్నిటికీ మించి, పాటించినందుకు ఆ పార్టీ ఎప్పుడో నష్టపోయి ఉంటుంది. 2025లో జర్మనీ మితవాద కూటమి సీడీయూ, సీఎస్‌యూకు 208, వలసలను గట్టిగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 152 సీట్లు. మొత్తం 360, మెజారిటీకి చాలా పైన. ఆ వరుసను ఎవరూ పట్టించుకోలేదు. సీడీయూ మహాసభ 2018లోనే ఏఎఫ్‌డీతో పొత్తు కూడదని తీర్మానించింది, అధికారం సులువుగా అందుతున్నా ఆ మాట మీదే ఉంది. ఎర్ర పెన్ను వాడాల్సింది ఇలాంటి వరుస మీదే.

ఇంకో జాగ్రత్త. నాయకుడు ఒప్పుకున్నా ఆమోదం వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. జర్మన్ సోషల్ డెమొక్రాట్లు 2018లోనూ 2025లోనూ సంకీర్ణ ఒప్పందాన్ని పార్టీ సభ్యుల ఓటుకు పెట్టారు. ఏడాదిలోపు ప్రాంతీయ ఎన్నికలుంటే అక్కడి శాఖలు కాళ్లడ్డం పెడతాయి. ఇవి తెలిసేదాకా పెన్సిల్‌తోనే కొట్టండి. ఎర్ర పెన్ను మూడు రోజుల తర్వాతే. ఇది నియమం, సలహా కాదు.

మొదటి పిలుపు ఎవరికి?

పిలుపు వేరు, నిలవడం వేరు. 1996లో రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ పెద్ద పార్టీ నాయకుడిగా వాజ్‌పేయిని పిలిచారు. ఆ ప్రభుత్వం 13 రోజులే ఉంది. 1998లో కె.ఆర్.నారాయణన్ ముందు మద్దతు లేఖలు చూపించమన్నారు. పోర్చుగల్‌లో 2015లో పెద్ద కూటమి ప్రభుత్వం పక్షం రోజులు కూడా నిలవకుండా సభలో ఓడిపోయింది. 230లో 86 సీట్లున్న సోషలిస్టులు వామపక్షాల మద్దతుతో అధికారంలోకొచ్చారు. స్పెయిన్‌లో 2023లో మొదట ప్రయత్నించిన పీపుల్స్ పార్టీ నాయకుడు ఫెయిహో 172 దగ్గర ఆగారు. నవంబర్‌లో సోషలిస్టుల నాయకుడు శాంచెజ్ 179తో గెలిచారు. కాగితం మీద "మొదటి పిలుపు", "నిలిచే ప్రభుత్వం" అని రెండు గళ్లు పెట్టండి. రెండింట్లోనూ ఒకే పేరు రావాలని లేదు.

శాఖలు

దీనికి తలనొప్పి అక్కర్లేదు. కూటమిలో ఎవరి సీట్ల వాటా ఎంతో మంత్రి పదవుల వాటా కూడా దాదాపు అంతే, చిన్న పార్టీలకు కాస్త ఎక్కువ. అంతకు మించి అడుగుతున్న పార్టీ బేరం పెంచుతోందని రాసుకోండి. మన దగ్గర మంత్రుల సంఖ్య లోక్‌సభలో 15 శాతం దాటకూడదు, అంటే 81 మంది. పంచడానికి ఉన్నది ఎంతో ముందే తెలిసినట్టే.

ఎప్పటికి తేలుతుంది?

న్యూజిలాండ్‌లో 2017లో పోలింగ్ తర్వాత 26వ రోజున చిన్న పార్టీ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ లేబర్ వైపు మొగ్గారు. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత 541 రోజులు పట్టింది. గడువు ఉందా లేదా అన్నదే తేడా. స్పెయిన్‌లో మొదటి ఓటింగ్ జరిగిన రెండు నెలల్లో ఎవరూ నెగ్గకపోతే సభ రద్దవుతుంది. 2016లోనూ 2019లోనూ అలాగే మళ్లీ ఎన్నికలొచ్చాయి. గడువున్న దేశంలో ఒప్పందం ఆఖరి వారంలో కుదురుతుంది, అంతకు ముందు వచ్చే "చర్చలు విఫలం" వార్తలకు కంగారు పడి వరుసలు కొట్టకండి. గడువు లేని దేశంలో తేదీ రాయనే వద్దు.

చివరి కాగితం

కొత్త కాగితం మీద మూడే వరుసలు: మొదటి జట్టు, రెండో జట్టు, మళ్లీ ఎన్నికలు. మూడోదాన్ని వదిలెయ్యకండి, చాలామంది వదిలేసి దెబ్బ తింటారు. ఒక్కో వరుసకు నూటికి ఎంతో పదుల్లోనే రాయండి. 60, 30, 10. నూటికి 63 అని రాసేవాళ్లకు లెక్క రాదని అర్థం. ప్రతి అంకె కింద అది తప్పడానికి ఏం జరగాలో ఒక వాక్యం రాయండి: ఫలానా పార్టీ సభ్యుల ఓటులో ఓడితే, ఫలానా నాయకుడు తప్పుకుంటే. తేదీ వేసి పక్కన పెట్టండి. కొత్త సంగతి తెలిస్తే ఆ కాగితాన్ని దిద్దకండి, మరో కాగితం తీసుకోండి. సభలో ఓటింగ్ అయ్యాక పాతవన్నీ తీసి, ఏ "కాదు"ను తొందరపడి ఎర్ర పెన్నుతో కొట్టారో చూసుకోండి.