తొక్కుడు మిషను – నాలుగో పాఠం: ఆ స్క్రూ జోలికి పోవద్దు

అసలైతే ఈసారి అంచు మడిచి కుట్టడం చెప్పాలి. కానీ పోయిన పాఠం తరువాత చాలామందికి గుడ్డ కింద దారం ఉండలు కట్టింది. అది మామూలే. నాకు ఒళ్లు మండింది ఆ తరువాత మీరు చేసిన పనికి. స్క్రూడ్రైవర్ తెచ్చి బాబిన్ కేసు (కింది దారం కండె పెట్టే చిన్న డబ్బీ) మీది చిన్న స్క్రూ తిప్పేశారు!

ఉండ కింద కనబడుతోంది కాబట్టి తప్పు కింది దారానిదే అనుకుంటారు. కాదు, ఆ ఉండ పై దారంది. పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య దారం కూర్చోకపోతే పట్టు ఉండదు, వదులుగా దిగి కింద పోగవుతుంది. ఎందుకు కూర్చోలేదు? ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే ఇనుప పాదం) దించి దారం ఎక్కించారు గనక. ఫుట్ లేపితే బిళ్లలు విచ్చుకుంటాయి, దించితే బిగుసుకుంటాయి. అందుకే ఎక్కించేటప్పుడు ఫుట్ పైన, కుట్టేటప్పుడు కింద. ఎక్కించాక ఫుట్ దించి సూది దగ్గర దారం లాగండి. సూది కాస్త వంగేంత బిగువు రావాలి. సర్రున జారితే మళ్లీ ఎక్కించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకోండి.

ఇంకా అనుమానముంటే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టి చూడండి. గుడ్డ అడుగున ఎర్రది తీగలా పడుకుంటే పై టెన్షన్ (పై దారం బిగువు) చాలలేదు. పైన తెల్ల చుక్కలు తేలితే ఎక్కువైంది.

ఇప్పటికే స్క్రూ తిప్పినవాళ్లు బాబిన్ కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదపండి. అంగుళమో రెండో దిగి ఆగాలి. అదే పనిగా జారిపోతుంటే పావు చుట్టు బిగించండి, అంతే. అనంతపురంలో మా అత్త మిషను స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన సింగర్. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. ఎవరైనా స్క్రూ తిప్పితే తెలిసిపోవాలని దాని మీద గోళ్ల రంగు చుక్క పెట్టుకుంది ఆవిడ. నేనూ అదే చేస్తాను.

చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతోందా? ముందు చేత్తో మీ వైపుకు తిప్పి, ఆ ఊపు మీద కాళ్లు కలపండి. చెప్పులు వద్దు. కొబ్బరినూనె పోసినవాళ్లు కిరోసిన్ చుక్కలతో జిడ్డు కడిగి, మిషను ఆయిల్ వేయండి. రాయదుర్గం జీన్స్ ముక్క నాలుగు మడతలు పెట్టి 14 నంబరు సూది విరిచినవారికి నేను చెప్పేదేమీ లేదు.

సాధన: పాత గళ్ల లుంగీ మీద గీత వెంట నలభై వరుసలు. ప్రతి గడి మూలలో సూది గుడ్డలో దిగి ఆగాలి, అదీ చక్రం మీద చెయ్యి వేయకుండా, కాళ్లతోనే. మూల తప్పితే ఆ వరుస లెక్కలోకి రాదు.