మాట మాటగా ఇంగ్లీషు – 7వ పాఠం: హార్డెన్

పోయిన వారం ‘సాఫెన్’ నేర్చుకున్నాం. ఈ వారం దానికి ఎదురుమాట. ‘డె’ని ఒత్తి పలకొద్దు, ‘హార్డ్‌న్’ అన్నట్టు చివర తేలిపోవాలి.

తెలుగులో మట్టి దానంతటదే గట్టిపడుతుంది, ఎండ దాన్ని గట్టిపరుస్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ ఇదే మాట: ‘ద క్లే హార్డెన్డ్’, ‘ద సన్ హార్డెన్డ్ ద క్లే’.

మొన్న శ్రీకాకుళంలో మా వీధిలో ఒక ఇంటికి స్లాబ్ వేశారు. మర్నాడు మేస్త్రి దానిమీద చిన్న చిన్న గట్లు కట్టి, మడుల్లో నీళ్లు నిలబెట్టాడు. అది చూసి నా దగ్గర చదువుకునే అబ్బాయి ‘ద స్లాబ్ ఈజ్ డ్రైయింగ్’ అని రాసుకొచ్చాడు. తప్పు. ఆరడమంటే నీరు పోవడం. సిమెంటు నీటితో రసాయన చర్య జరిగితేనే గట్టిపడుతుంది, అలా నీళ్లు నిలబెట్టి క్యూరింగ్ చేసేది అందుకే. పోసిన కొన్ని గంటలకు జారడం మానేస్తుంది, అది ‘సెట్’. ఆ తర్వాత రోజుల తరబడి బలం పుంజుకుంటుంది, అది ‘హార్డెన్’. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారంటే, అన్నాళ్లూ ఆ పని సాగుతూనే ఉంటుందన్నమాట. అందుకని ‘ద స్లాబ్ హాజ్ సెట్, బట్ ఇట్ ఈజ్ స్టిల్ హార్డెనింగ్’ అని దిద్దించాను.

షేడ్‌నెట్ కింద పెరిగిన వంగ నారుని నాటే ముందు, నీళ్లు తగ్గించి రోజూ కాస్త కాస్త ఎండకు అలవాటు చేస్తారు కదా, అది ‘హార్డెన్ ఆఫ్’.

మనుషుల దగ్గరికొస్తే మాత్రం జాగ్రత్త. మనకు ‘గట్టి పిల్ల’ అంటే మెప్పు. ‘హార్డెన్డ్’ అంటే ఎక్కువగా కరడుగట్టిన అనే అర్థం, ‘హార్డెన్డ్ క్రిమినల్’లో ఉన్నట్టు. తండ్రి వలస వెళ్తే ఇల్లూ పొలమూ తనే మోసిన అమ్మాయి ఒకతి, ఇంటర్వ్యూ కోసం ‘ఐ యామ్ ఎ హార్డెన్డ్ గర్ల్’ అని రాసుకుంది. చదివి నా మనసు చివుక్కుమంది. ‘టఫ్’ అని మార్పించాను. ఆ పిల్లకు తగిన మాట అదే.

‘హార్డెన్ యువర్ హార్ట్’ అంటే గుండె రాయి చేసుకోవడం. ‘హార్డెన్డ్ టు’ అంటే చూసి చూసి ఇక చలించకపోవడం. ‘ఉద్దానం పీపుల్ ఆర్ హార్డెన్డ్ టు సైక్లోన్స్’ అన్న వాక్యంలో వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ 2018లో తిత్లీ తుపానుకి కూలిన కొబ్బరి, జీడి తోటల మధ్య నిలబడ్డవాళ్లెవరూ అలా రాయరు. మీరూ రాయొద్దు.

వచ్చే పాఠానికి: ఇంట్లో బెల్లం పాకం పట్టినప్పుడు పొయ్యి దగ్గర నిలబడి చూడండి. పళ్లెంలో పోసిన పాకం ఎప్పుడు ‘సెట్’ అయింది, ఎప్పుడు ‘హార్డెన్’ అయింది, రెండే వాక్యాల్లో రాసి తీసుకురండి.